ఎత్తు పెంచే ఆపరేషన్: తొడలోనా, మోకాలి కిందా, చెప్పులోనా?

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, మారతహళ్ళిలో పీజీ, సొంతూరు హిందూపురం దగ్గర. ఎత్తు 165 సెంటీమీటర్లు, అంటే 5 అడుగుల 5 అంగుళాలు. మా క్లినిక్‌కి వచ్చిన ఈ అబ్బాయికి ఏ నొప్పీ లేదు. ఫోన్‌లో మాత్రం ఒక లెక్క రాసుకొచ్చాడు: తొడ ఎముక లోపల పొడుగయ్యే రాడ్ వేయిస్తే 8 సెంటీమీటర్లు, మోకాలి కింద కాలి చుట్టూ రింగులు వేయిస్తే 6, రెండూ చేయిస్తే 14. నాది కదిరి అని తెలిశాక మేడమ్ కాస్తా అక్క అయింది. "అక్కా, వీటిలో ఏది చేయించుకుంటే బాగుంటాది?" అన్నాడు.

నేను సర్జన్‌ని కాదు, ఫిజియోథెరపిస్టుని. ఆపరేషన్ మూడు గంటల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఏడాది పాటు ఆ కాళ్ళతో కుస్తీ పట్టేది నాలాంటివాళ్ళు. కాబట్టి నా పోలిక ఎన్ని సెంటీమీటర్లు వస్తాయన్న దగ్గర మొదలవదు. సర్జన్ పెంచేది ఎముకని. దాని చుట్టూ ఉన్న కండనీ నరాన్నీ చర్మాన్నీ సాగదీసుకోవాల్సింది మీరు. ఏది ఎంచుకోవాలన్నా ఇక్కడి నుంచే చూడాలి.

ముందు స్టూలు, టేపు

ఆ అబ్బాయిని గోడకి ఆనించి స్టూలు మీద కూర్చోబెట్టాను. నడుము నిటారుగా, తల గోడకి తగిలేలా. నడినెత్తి మీద పుస్తకం అడ్డంగా పెట్టి, స్టూలు పలక నుంచి అక్కడి దాకా కొలిస్తే 86 వచ్చింది. కూర్చున్న ఎత్తుని నిలబడిన ఎత్తుతో భాగిస్తే 52 శాతం. పెద్దవాళ్ళలో చాలామందికి ఈ సంఖ్య 52కి అటూ ఇటూగానే ఉంటుంది.

ఇప్పుడు అతని లెక్కనే వేసి చూడండి. కాళ్ళు ఎంత పెరిగినా పై భాగం 86 దగ్గరే ఆగుతుంది. 5 సెంటీమీటర్లు పెంచితే 170కి 86, అంటే 50.6 శాతం. ఎవరూ గుర్తుపట్టరు. 8 పెంచితే 49.7. ప్యాంటు కుట్టే టైలరు గుర్తుపడతాడు. 14 పెంచితే 48 శాతం. ప్రపంచంలో అలాంటి శరీరాలు లేకపోలేదు, పుట్టుకతోనే పొడవు కాళ్ళున్న జాతులున్నాయి. కానీ వాళ్ళకి చేతులూ ఆ కొలతకి తగ్గట్టే ఉంటాయి. మీకు ఉండవు.

చేతుల సంగతి చాలామందికి తట్టదు. బార చాపితే ఒక వేలి కొస నుంచి ఇంకో వేలి కొస వరకు దాదాపు మన ఎత్తంత ఉంటుంది. అందగాణ్ణి మనవాళ్ళు ఆజానుబాహుడన్నారు, అంటే చేతులు మోకాళ్ళని తాకేవాడని. అది కవుల అతిశయోక్తే అనుకోండి. కానీ తొడ 8 సెంటీమీటర్లు పెరిగితే చేతివేళ్ళు మోకాలికి ఇంకో 8 సెంటీమీటర్లు దూరమవుతాయి. ఆజానుబాహువుకి సరిగ్గా ఎదురు దిక్కు. శిల్పులకి ఈ విషయం ఎప్పుడో తెలుసు. ముఖం పొడవుని ఒక తాళంగా పెట్టుకుని నవతాళం, దశతాళం అని మూర్తి మొత్తానికి కొలతలు కడతారు. వినాయకుడికి ఐదు తాళాలే. ఆ కొలతలోనూ ఆయన అందంగానే ఉంటాడు, ఎందుకంటే ప్రతి అవయవమూ ఆ లెక్కలోనే ఉంటుంది.

ఇక కాలులోనే ఇంకో నిష్పత్తి ఉంది: మోకాలి కింది ఎముకకీ తొడ ఎముకకీ మధ్యది. మామూలుగా ఇది 0.8 దగ్గర ఉంటుంది. తొడ 45 ఉంటే కింది ఎముక 36 అన్నమాట. తొడకి 7 కలిపితే నిష్పత్తి 0.69కి పడుతుంది. కింద 5 కలిపితే 0.91కి ఎక్కుతుంది. నిలబడితే రెండూ పెద్దగా తెలియవు. కూర్చుంటే తెలుస్తాయి. తొడ పొడుగైనవాడి మోకాళ్ళు బస్సులో ముందు సీటుకి గుద్దుకుంటాయి. కింది ఎముక పొడుగైనవాడి మోకాళ్ళు కుర్చీలో పైకి లేచి నిలబడతాయి. మీ కాళ్ళలో ఇప్పటికే ఏది చిన్నదో తెలుసుకోకుండా ఏ ఎముక అన్నది తేల్చుకోవద్దు. నిలబెట్టి తీసే పూర్తి కాలి ఎక్స్‌రేని స్కానోగ్రామ్ అంటారు. అందులో రెండు కొలతలూ, మోకాలు వంకర ఉంటే అదీ బయటపడతాయి.

ఎముక సాగదు, పూడుతుంది

రష్యాలో సైబీరియా అంచున కుర్గాన్ అనే ఊళ్ళో గావ్రీల్ ఇలిజరోవ్ అనే డాక్టరు 1950ల్లో పట్టుకున్న కిటుకు ఇది. ఎముకని కోసి, ఓ వారం రోజులు కదపకుండా ఉంచి, ఆ తర్వాత ఆ సందుని రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున వెడల్పు చేస్తూ పోతే, ఒళ్ళే ఆ ఖాళీని కొత్త ఎముకతో పూడ్చుకుంటుంది. అప్పట్లో ఎత్తు కోసం ఎవరూ అడగలేదు. యుద్ధంలో కాళ్ళు చితికినవాళ్ళు, అతకని ఎముకలవాళ్ళు ఆయన దగ్గరికి వెళ్ళేవారు. హై జంప్‌లో ప్రపంచ రికార్డు కొట్టిన వాలెరీ బ్రూమెల్ 1965లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో కాలు నుజ్జు చేసుకుని, ఎన్నో ఆపరేషన్లు అయ్యాక చివరికి ఇలిజరోవ్ చేతుల్లో తేరుకున్నాడు.

ఆ మిల్లీమీటరునీ ఒకేసారి లాగరు, నాలుగు విడతలుగా లాగుతారు. ఎముకకి పిన్నులతో బిగించిన రింగుల మధ్య మరలున్న కడ్డీలుంటాయి. మర ఒక చుట్టు తిరిగితే ఒక మిల్లీమీటరు. అందుకే పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి, ఒక్కోసారి పావు చుట్టు. బైకు మెకానిక్ దగ్గరుండే 10 నంబర్ స్పానరే. నట్టు తిప్పేటప్పుడు నొప్పి ఉండదు. ఆ రాత్రి పిక్క పట్టేసినప్పుడు ఉంటుంది.

తొడా, మోకాలి కిందా

నన్నడిగితే ఎత్తు కోసమే అయితే తొడ మేలు. తొడ ఎముక చుట్టూ కండ దండిగా ఉంటుంది, రక్తం బాగా అందుతుంది, కొత్త ఎముక త్వరగా గట్టిపడుతుంది. రోజుకి ఒక మిల్లీమీటరు మామూలుగా తట్టుకుంటుంది. మోకాలి కింది ఎముక ముందు భాగంలో చర్మం కింద నేరుగా ఎముకే. అక్కడ నెమ్మదిగా వెళ్ళాలి. చాలామందికి రోజుకి ముప్పావు మిల్లీమీటరే పెడతారు. అలా 5 సెంటీమీటర్లకి 67 రోజులు పడుతుంది, గట్టిపడేందుకు ఆ తర్వాత ఇంకా నెలలు. పైగా పక్కనుండే సన్నని ఎముకని కూడా కోయాలి, అది జారకుండా చీలమండ దగ్గర స్క్రూ బిగించాలి.

తొడకీ చిక్కులున్నాయి. లోపలి రాడ్ తొడ ఎముక వాలులోనే పొడుగవుతుంది కాబట్టి ప్రతి సెంటీమీటరుకీ మోకాళ్ళు కొద్దికొద్దిగా లోపలికి వస్తాయి. ముందే మోకాళ్ళు రాసుకునేవాళ్ళు ఇది సర్జన్‌తో మాట్లాడుకోవాలి. తుంటి ముందు కండరాలు బిగిసి నడుము ముందుకి వంగుతుంది, వెనక ఎత్తుగా కనబడే నడక వస్తుంది. మోకాలు మడవడం కష్టమవుతుంది. రెండు తొడల్నీ ఒకేరోజు తొలిచి రాడ్లు వేస్తే ఎముక మజ్జలోని కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకి చేరే ప్రమాదం ఉంది. అరుదే కానీ ప్రాణాంతకం. రెండు కాళ్ళూ ఒకేరోజు చేస్తారా, కొన్ని రోజులు ఎడం ఇస్తారా, ఎందుకు అని సర్జన్‌ని అడగండి. ఆ ప్రశ్నకి విసుక్కునేవాళ్ళ దగ్గర టోకెన్ తీసుకోవద్దు.

మోకాలి కింద చేయిస్తే అసలు శత్రువు మడమ. పిక్క కండ ఎముకంత వేగంగా సాగదు. అది పాదాన్ని కిందికి లాగేస్తుంది, మడమ నేలకి ఆనదు. రెండేళ్ళ క్రితం వేరే ఊళ్ళో రెండు కాళ్ళకీ 7 సెంటీమీటర్లు చేయించుకున్న ఒకాయన నా దగ్గరికొచ్చాడు. ఆస్పత్రి పేరు ఇక్కడ అనవసరం. డిశ్చార్జి కాగితంలో వ్యాయామాల గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. మనిషి మునివేళ్ళ మీద నడుస్తున్నాడు. చివరికి మడమ వెనక స్నాయువుని కోసి పొడుగు చేసే ఇంకో ఆపరేషన్ చేయించుకున్నాడు. ఎత్తు 172 వచ్చింది. మొన్నటి వరకు వాళ్ళ ఊరికి వెళ్ళాలంటే భయపడేవాడు, ఎందుకంటే అక్కడ ఇంట్లో ఉన్నది ఇండియన్ టాయిలెట్.

మనకిది చిన్న విషయం కాదు. మనం గొంతుక్కూర్చుంటాం, పీటల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాం, నేలమీద విస్తరి ముందు కూర్చుని తింటాం. కుర్చీకీ కమోడుకీ అలవాటైన దేశాల వీడియోల్లో "పూర్తిగా కోలుకున్నాను" అంటే నడుస్తున్నానని అర్థం. మనవాళ్ళకి కోలుకోవడమంటే నేలమీద కూర్చుని లేవగలగడం కూడా.

రింగులా, రింగులూ రాడ్డూనా, లోపలి రాడ్డా

రింగులు పాత పద్ధతి, నమ్మదగ్గ పద్ధతి. బరువు మోపి నడవొచ్చు, వంకర వస్తే దారిలోనే సరిచేయొచ్చు. కానీ చర్మంలోంచి పిన్నులు బయటికి ఉంటాయి. ఒక్కో సెంటీమీటరుకీ నెల, నెలన్నర లెక్కన అవి కాలికి ఉండాల్సిందే. 5 సెంటీమీటర్లంటే ఆరేడు నెలలు. పిన్ను చుట్టూ చీము పట్టడం దాదాపు అందరికీ ఏదో ఒకసారి జరుగుతుంది. రోజూ డ్రెస్సింగ్ చేయాలి. ఆ నెలల్లో వేసుకోవడానికి లుంగీయే దిక్కు.

రెండోది కలగలుపు: లోపల రాడ్, బయట రింగులు. పొడుగు చేయడం పూర్తవగానే రాడ్‌కి స్క్రూలు బిగించి రింగులు తీసేస్తారు. రింగుల కాలం రెండు మూడు నెలలకి తగ్గుతుంది. మన దేశంలో డబ్బు చూసుకునేవాళ్ళు ఎక్కువగా దీనివైపు మొగ్గుతారు. ఇందులో నాకు భయం ఒక్కటే: బయటి పిన్నుకి పట్టిన చీము లోపలి రాడ్ దాకా పాకితే, అది ఎముక మధ్యలోకి పోయిన ఇన్‌ఫెక్షన్. అలాంటి కేసు ఒక్కటి చూసినా ఈ పద్ధతిని చవక అనబుద్ధి కాదు.

మూడోది పూర్తిగా లోపలుండే అయస్కాంతపు రాడ్. బయట తొడమీద ఒక యంత్రం ఆనిస్తే లోపలి అయస్కాంతం తిరిగి రాడ్ పొడుగవుతుంది. పిన్నులుండవు, మచ్చలు తక్కువ. 2011లో అమెరికాలో అనుమతి వచ్చిన ప్రెసైస్ రాడ్ ఈ కోవలోది. రింగుల్లా కాకుండా దీని మీద పూర్తి బరువు మోపకూడదు. ఎముక గట్టిపడే దాకా వాకరో చక్రాల కుర్చీయో తప్పదు, లేకపోతే రాడ్ వంగుతుంది, విరుగుతుంది. బరువు మోయగలదని 2018లో స్ట్రైడ్ అనే స్టీలు రాడ్ తెచ్చారు. తుప్పు పట్టడం, పక్కన ఎముక కరగడం కనబడటంతో 2021లో దాన్ని వెనక్కి పిలిచారు. "కొత్త టెక్నాలజీ, రెండో రోజే నడవొచ్చు" అని ఎవరైనా అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. రాడ్ లోపలుండగా ఎమ్మారై తీయించుకోవాలంటే చిక్కే. ఏడాదో ఏడాదిన్నరో అయ్యాక దాన్ని తీయడానికి ఇంకో ఆపరేషన్. ఆ ఖర్చు కొటేషన్‌లో ఉందో లేదో చూసుకోండి, చాలాసార్లు ఉండదు.

డబ్బుంటే తొడలో లోపలి రాడ్. లేకపోతే చవక దారి వెతకడం కన్నా ఆగడం మంచిదని నా అభిప్రాయం. ఈ మాటకి నాతో పనిచేసే సర్జన్లలో కొందరు ఒప్పుకోరు, రింగులతో బ్రహ్మాండమైన ఫలితాలు తెచ్చినవాళ్ళు వాళ్ళు. ఒకటి మాత్రం అందరూ ఒప్పుకుంటారు: ఒక ఎముకలో ఒక విడతకి 5 సెంటీమీటర్లు దాటిన దగ్గర నుంచి చిక్కులు గబగబా పెరుగుతాయి. ఏడో సెంటీమీటరు మొదటి సెంటీమీటరు లాంటిది కాదు. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక మినహాయింపుల్లోనే కాస్మెటిక్ సర్జరీ ఉంది.

ఆ ఏడాది ఎక్కడుంటారు?

కొటేషన్‌లో లేని ఖర్చు ఇది. రెండు తొడలూ చేయిస్తే మొదటి మూడు నాలుగు నెలలు బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా ఒకరు పక్కనుండాలి. పీజీలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు, రూమ్మేటుకి నైట్ షిఫ్టు. ఇది కుదిరే పని కాదు. కింది అంతస్తులో ఇల్లు, వాకరు తిరిగేంత వెడల్పు బాత్రూమ్ తలుపు, ఇంట్లో ఒక మనిషి. ఈ మూడూ లేకుండా బెంగళూరులో ఈ ఆపరేషన్ వద్దు. సిల్క్ బోర్డు జంక్షన్ మీదుగా వారానికి ఐదుసార్లు క్యాబులో ఫిజియోకి వస్తానన్న ఒకతను మూడో వారానికే మానేశాడు. అతని మోకాలు ఇప్పటికీ పూర్తిగా మడవదు. క్లినిక్ దగ్గర అద్దెకి ఇల్లు తీసుకోండి, లేదా ఫిజియో ఇంటికొచ్చే ఏర్పాటు చేసుకోండి. క్లినిక్‌లో గంటసేపు చేసేది కాక, ఇంట్లో రోజుకి మూడు నాలుగుసార్లు సాగదీసుకోవాలి.

ఇంట్లో చెప్పకుండా చేయించుకోవాలనుకునేవాళ్ళుంటారు. 2016లో హైదరాబాద్‌లో ఒక కుర్రాడు అలా చేయించుకుంటే, తల్లిదండ్రులకి తెలిసి జరిగిన గొడవని మన చానళ్ళన్నీ మోత మోగించాయి. మాయాబజారులో ఘటోత్కచుడిలా ఒక్కసారిగా పెరిగి ఇంటికెళ్ళడం కుదరదు. చక్రాల కుర్చీలో ఎలాగూ దొరికిపోతారు. అమ్మకి ముందే చెప్పండి, ఆమే మీ అటెండరు. ఇంకో సంగతి, సిగరెట్టు తాగుతూ ఎముక పూడాలని కోరుకోకండి. ఈ ఒక్క అలవాటు మానలేనివాళ్ళని వెనక్కి పంపే సర్జన్లు మంచి సర్జన్లు.

కత్తి లేని దారులు

18 ఏళ్ళు దాటాక పొడులూ మాత్రలూ వేలాడే కడ్డీలూ దండగ. పెరిగే ఎముకల అంచులు మూసుకుపోయాక హార్మోన్ ఇంజెక్షను కూడా ఏమీ చేయలేదు. మీ అబ్బాయికి 14 ఏళ్ళయితే మాత్రం మణికట్టు ఎక్స్‌రే తీయించి పిల్లల హార్మోన్ డాక్టరుకి చూపించండి. అక్కడ సమయముంది.

చెప్పులో పెట్టే ఎత్తు 2, 3 సెంటీమీటర్ల దాకా నడకని పాడు చేయదు. అంతకు మించితే నడుం నొప్పితో నా దగ్గరికే వస్తారు. గూని నడక సరిచేసుకుంటే ఇంకో సెంటీమీటరు కనబడుతుంది. పొద్దున లేచినప్పటి ఎత్తుకీ రాత్రి పడుకునేటప్పటి ఎత్తుకీ తేడాయే సెంటీమీటరు పైన ఉంటుంది, వెన్నుపూసల మధ్య డిస్కులు పగలంతా నలిగిపోతాయి కాబట్టి. ఇక పెళ్ళి బయోడేటాలో అంగుళం పెంచి రాయడమనేది ఖర్చు లేని పద్ధతి, మన జిల్లాల్లో అందరూ వాడుతున్నదే.

పోలీసు ఉద్యోగానికి 167.6 కావాలి, నాది 165 అని వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆ పరీక్షలో 1600 మీటర్ల పరుగూ ఉంది. ఈ ఆపరేషన్ తర్వాత పరిగెత్తడానికే ఏడాది పడుతుంది. దాని కోసమైతే వద్దు.

పుట్టుకతో ఒక కాలు పొట్టి అయినవాళ్ళు, ఏకాండ్రోప్లేసియా (పుట్టుకతోనే కాళ్ళూ చేతుల ఎముకలు పొట్టిగా పెరిగే లోపం) ఉన్నవాళ్ళు ఈ పోలికలోకి రారు. వాళ్ళకి ఇది అందం కాదు, అవసరం. ఏకాండ్రోప్లేసియాలో చేతుల ఎముకల్నీ పెంచుతారు, తమ పని తాము చేసుకోగలగాలని. అందం కోసం చేయడాన్ని చైనా 2006లో నిషేధించింది, అవసరానికి చేయడాన్ని ఆపలేదు.

ఇంకొందరికి సమస్య ఎముకలో ఉండదు. 175 ఉన్నవాడు 180 కావాలని వస్తాడు. అద్దం ముందు రోజుకి గంట నిలబడతాడు. అతనికి 180 ఇచ్చినా 185 కావాలంటాడు. మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆస్పత్రి ఉన్న ఊరిది, సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళడానికి సిగ్గుపడక్కర్లేదు. మంచి సర్జన్ సైకియాట్రిస్టు ఇచ్చే కాగితం లేకుండా తేదీ ఇవ్వడు.

మళ్ళీ హిందూపురం అబ్బాయి

టేపు పక్కన పెట్టి, "చెప్పులిప్పి గొంతుక్కూర్చోప్పా" అన్నాను. కూర్చున్నాడు, కానీ మడమలు గాల్లో ఉన్నాయి. మడమ కింద నా మూడు వేళ్ళు దూరాయి. ఆరేళ్ళుగా కుర్చీలో కూర్చుని పిక్కలు బిగదీసుకున్నాడు. ఎముక కోయకముందే ఇలా ఉంటే, మోకాలి కింద 6 సెంటీమీటర్లు సాగదీశాక ఆ మడమ నేలకి ఆనుతుందా? అతని లెక్కలోంచి 6 కొట్టేశాం. దాంతో 14 కూడా పోయింది. మిగిలింది తొడ, 8 కాదు 5.

దానికీ ఒక షరతు పెట్టాను, అందరికీ పెట్టేదే. మూడు నెలలు వారానికి మూడుసార్లు రావాలి, ఇంట్లో రోజూ పొద్దునా రాత్రీ సాగదీసుకోవాలి. ఎముకలు బాగున్నప్పుడు ఈ పని చేయలేనివాడు ఎముకలు కోసుకున్నాక చేయలేడు. ఇలా మొదలుపెట్టినవాళ్ళలో సగానికి పైగా నెలలోపే కనబడకుండా పోతారు. వాళ్ళ మీద నాకేం కోపం లేదు, వాళ్ళ నిర్ణయం వాళ్ళకి తెలిసిపోయినట్టే.

ఇతను వస్తున్నాడు. ఇప్పటికి తొమ్మిది వారాలు. మధ్యలో ఒకసారి వాళ్ళమ్మని వెంటబెట్టుకొచ్చాడు. ఆమె నన్ను పక్కకి పిలిచి, "పిల్లోడికి బుద్ధి చెప్పు తల్లీ" అంది. అతని మడమ చూపించి ఆమె చేతనే కొలిపించాను. పోయిన శనివారం గొంతుక్కూర్చున్నప్పుడు మడమ కింద నా చిటికెన వేలు ఒక్కటే పట్టింది, అదీ బిగుతుగా.